ఆస్పత్రి గుమ్మం దాటాక

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను గూర్చి మన ఊళ్ళలో ఒక మాట వుంది: ఏడో నెల పిల్ల దక్కుతుంది, ఎనిమిదో నెల పిల్ల దక్కదు. ఇది శుద్ధ తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. 37 వారాలు నిండకుండా మన దేశంలో 2020లో పుట్టిన పిల్లలు సుమారు 30 లక్షలు. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. వీరిలో చాలామందిని ఆస్పత్రులు బ్రతికించి పంపుతున్నాయి. నా వాదమల్లా ఆ తర్వాతి సంగతి గురించే.

ఆస్పత్రిలో అద్దాలపెట్టె వుంది, నర్సు వుంది. ఇంటికొచ్చిన మర్నాడు? రెండు కిలోలు తూగని పసిగుడ్డు, ఇరవై ఏళ్ళ బాలింత, చుట్టూ పదిమంది సలహాలు. నలుగు పెట్టి నీళ్ళు పోయమంటారొకరు, సాంబ్రాణి పొగ వెయ్యమంటారొకరు, డబ్బాపాలు పట్టమంటారింకొకరు. ఒంట్లో కొవ్వులేని ఆ బిడ్డ స్నానంతోనే చల్లబడిపోతుందని, రొమ్ము పట్టే శక్తి లేకపోతే తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలని చేసి చూపించే దిక్కెవరు? పైగా "నువ్వేం బరువులెత్తావో, ఏం తిన్నావో" అని దెప్పిపొడుపులు. నాట్ల రోజుల్లో ఆరో నెల గర్భిణి మడిలోనే వంగి వుంటుంది. అప్పుడు మాత్రం ఈ బరువులు ఎవరికీ గుర్తురావు.

నారు పోసినవాడు నీరు పోయడా అని ఓదారుస్తారు. రైతుబిడ్డగా చెబుతున్నాను, నీరు దానంతటది రాదు. ఎవరో ఒకరు అర్ధరాత్రి పార పట్టుకెళ్ళి మడవ తిప్పాలి.

ఇది కాని పనేమీ కాదు. మన పొరుగునున్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల్లో ఊరి ఆడవాళ్ళకే తర్ఫీదిచ్చి ఇంటింటికీ పంపారు. పసికందుల మరణాలు మూడేళ్ళలో సగానికిపైగా తగ్గినట్టు 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ బాటలోనే 2011లో కేంద్రప్రభుత్వం, ఆస్పత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్ళాలని నిర్ణయించింది. అన్నిటికీ కలిపి ఆనాడు పెట్టిన పారితోషికం 250 రూపాయలు! ఏ కూలికి కుదురుతుందండీ ఈ లెక్క?

బిడ్డను ఒంటికి ఒళ్ళు తగిలేలా రొమ్ముపై కట్టుకునే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలయింది. రోజుకు 8 నుంచి 24 గంటలు అలా వుంచమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మంచిదే. మరి ఆ ఇంట్లో వంటెవరు చేస్తారు, గేదెకు కుడితి ఎవరు పెడతారు? ఆ మాట అత్తగారితో, మొగుడితో చెప్పగల మనిషి నర్సే. తండ్రి కూడా బిడ్డను కట్టుకోవచ్చు. నవ్వకండి, అతని ఒంట్లోనూ వేడి వుంది.

అందుచేత నా కోరిక ఇది. ఇటువంటి బిడ్డ ఇంటికి చేరిన మొదటి నెలలో వారానికి రెండుసార్లయినా, ఆశాకు తోడుగా, తూకమూ థర్మామీటరూ పట్టుకొని నర్సు రావాలి. బిడ్డనే కాదు, తల్లి నిద్రపోయిందా, అన్నం తిన్నదా అనీ అడగాలి. మరొక చిక్కు. తొలికాన్పు పుట్టింట్లో, ఆపైన కాపురం అత్తింట్లో. ఊరు మారగానే బిడ్డ ఒక ఆశా లెక్కలోంచి జారిపోతుంది, రెండో ఆశా లెక్కలోకి ఎక్కదు. బరువులు రాసిన కార్డు బిడ్డతోపాటే వెళ్ళాలి. బండి కదలకముందే అవతలి ఊరి ఆశాకు కబురందాలి. ఒక్క ఫోను చాలు.