ఫ్రీజర్‌లో పక్షి, గరాజ్‌లో ముసలమ్మ

మా అబ్బాయి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. పైన 'థాంక్స్‌గివింగ్ ప్లాన్' అని పెద్దక్షరాలు. కింద రెండు వరసలు. మొదటి వరసలో మా వాడి పేరు, దాని కింద ఐస్, బీర్లు, మడత కుర్చీలు, టీవీ. రెండో వరసలో కోడలి పేరు, దాని కింద టర్కీ కోడి, మటన్ బిర్యానీ, గోంగూర మాంసం, పులిహోర, గారెలు, పిల్లలకు పాస్తా, పైగదుల్లో పడకలు, బాత్రూములు. అన్నీ అయ్యాక చిట్టచివర బ్రాకెట్లో, చీమ తలకాయంత అక్షరాలతో, 'అమ్మ హెల్ప్'. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని. ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంత చిన్న బ్రాకెట్లో కుక్కినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. వాడికి అక్షరాలు దిద్దించిందీ నేనే. ఆ పాపం నాదే.

నాది తెనాలి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి పోదామని వచ్చాను. ఇది మూడోసారి. విమానం దిగగానే ఆఫీసరు ఎందుకొచ్చావని అడిగితే "కొడుకుని చూడటానికి" అన్నాను. చూడటానికి వచ్చినవాళ్లు ఈ దేశంలో పని చేయకూడదట, వీసా ఒప్పుకోదట. ఐదు కుటుంబాలకు, పిల్లలతో కలిపి ఇరవై ఆరు మందికి నాలుగు రోజులు వండటం పని కిందికి రాదు కాబట్టి నేను చట్టానికి లోబడే ఉన్నాను. హెల్ప్ చేస్తున్నాను, అంతే.

ఎక్కడ చేస్తున్నానో కూడా చెప్పాలిగా. బోలెడు డాలర్లు పోసి, నల్లరాతి గట్టు వేసి, ఐదు బర్నర్ల పొయ్యి పెట్టి కట్టించిన వంటిల్లు ఒకటుంది ఈ ఇంట్లో. అందులో కాఫీ కాస్తారు. తాలింపు వేస్తే పైకప్పులో పొగగంట కుయ్యోమంటుంది, సోఫాలకు వాసన పడుతుంది, అందుకని అసలు వంట గరాజ్‌లో. ఒక పక్క కారు, ఒక పక్క పిల్లల సైకిళ్లు, మధ్యలో మడత బల్ల మీద కరెంటు పొయ్యి. పొగ పోవడానికి షట్టరు మోకాటి ఎత్తుకి లేపి పెడతారు. నవంబరు చివర్లో ఆ సందులోంచి వచ్చే గాలి పాదాల మీదనుంచి నేరుగా మోకాలి చిప్పల్లోకి వెళుతుంది. పైన నూనె సెగ, కింద చలి. తెనాలిలో మా ఇంట్లో పెరట్లో వండిన రోజులున్నాయి గానీ, కారు పక్కన నిలబడి గారెలు వేయడానికి నేను అమెరికా రావాల్సి వచ్చింది.

పోయినసారి సంగతి చెబుతా. భోజనాలకు ముందు అందరూ బల్ల చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఈ ఏడాది ఎవరికి థాంక్స్ చెప్పాలనుందో ఒక్కొక్కరు చెప్పాలి, అది ఇక్కడి ఆచారం. ఒకాయన తన మేనేజరుకి చెప్పాడు. ఒకాయన గ్రీన్‌కార్డు వచ్చినందుకు వెంకటేశ్వరస్వామికి చెప్పాడు. ఒకడు స్టాక్ మార్కెట్టుకి చెప్పాడు, అందరూ నవ్వారు. ఒక పిల్లాడు కుక్కకి చెప్పాడు. వాడొక్కడే నిజం చెప్పాడనిపించింది. నేను చిల్లుల గరిటెతో గరాజ్ గుమ్మంలో ఉన్నాను. మా కోడలు టర్కీ మీద నెయ్యి పూస్తూ వీపు ఇటు తిప్పుకుని ఉంది. ఆ వలయంలో చివరివాడు, మా వాడి స్నేహితుడు, నా వైపు చూసి గొంతెత్తి అరిచాడు.

"ఆంటీ! గారెలు సూపర్! ఇంకో ప్లేటు!"

అదండీ నాకు దక్కిన థాంక్స్. ఆర్డరు రూపంలో వచ్చింది.

మీకు నవ్వొచ్చిందా? నవ్వండి. తర్వాత మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు కూడా ఒకసారి చూసుకోండి.

ఈ పండగ పుట్టుకే అంతని మనవరాలి స్కూలు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. పుస్తకంలో బొమ్మ బాగుంది, నల్ల టోపీల తెల్లవాళ్లు, ఈకల టోపీల నేటివ్ వాళ్లు, మధ్యలో టర్కీ. బొమ్మ వెనక కథ ఇది. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది వచ్చారు. మొదటి చలికాలంలోనే సగం మంది పోయారు. పెళ్లయి వచ్చిన ఆడవాళ్లలో మరుసటి ఏడు పంట చేతికొచ్చేనాటికి మిగిలింది నలుగురు. ఆ పంట చేతికొచ్చాక 1621లో జరిగిన విందుకి అక్కడి వాంపనోగ్ తెగ నాయకుడు మసాసాయిట్ 90 మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. మూడు రోజులు తిన్నారు. ఆ విందు గురించి ఓడలో వచ్చినవాళ్లలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరంలో పిట్టల వేటకు వెళ్లిన నలుగురు మగవాళ్ల ముచ్చట ఉంది. అతిథులు కొట్టుకొచ్చిన ఐదు జింకల లెక్క ఉంది. నూటనలభై మందికి వండి వార్చిందెవరో ఒక్క ముక్క లేదు. ఆ నలుగురు ఆడవాళ్లూ, ఇంత ఇంత ఆడపిల్లలూ కాక ఆకాశం నుంచి దేవదూతలు దిగి వండారా? నాలుగు వందల ఏళ్ల కిందటే బ్రాకెట్లో పెట్టేశారు, 'అమ్మ హెల్ప్' అని.

పోనీ, అతిథులకైనా న్యాయం జరిగిందా? చేపను ఎరువుగా వేసి మొక్కజొన్న నాటడం నేర్పినవాడు టిస్క్వాంటమ్. 1614లో ఒక ఇంగ్లీషు కెప్టెను ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మిన మనిషి. ఎలాగో తప్పించుకుని ఊరు చేరేసరికి జబ్బులకు ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఖాళీ ఊరి మీదే ఓడలో వచ్చినవాళ్లు ప్లిమత్ కట్టుకున్నారు. అంటే వాడి ఊళ్లోనే కూర్చుని, వాడు నేర్పిన పంటే తిని, థాంక్స్ మాత్రం పైనున్న దేవుడికి చెప్పారు. దేవుడికి చెబితే సులువు. ఆయన తిరిగి ఏమీ అడగడు, పొలం వాటా అసలే అడగడు. యాభై ఐదేళ్లు తిరిగేసరికి మసాసాయిట్ కొడుకు మెటాకామ్ తల నరికి అదే ప్లిమత్‌లో ఏళ్ల తరబడి కర్రకు గుచ్చి నిలబెట్టారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటారు మా వైపు. వీళ్లు వాసాలూ పీకారు.

1970లో ప్లిమత్ 350 ఏళ్ల పండగకి వాంపనోగ్ మనిషి ఫ్రాంక్ జేమ్స్‌ని పిలిచారు, మాట్లాడమని. ముందు కాగితం చూపించమన్నారు. చూశాక, ఇది మాట్లాడొద్దు, మేం రాసిచ్చింది చదవమన్నారు. ఆయన చదవనన్నాడు. అప్పటినుంచి థాంక్స్‌గివింగ్ నాడు అదే ఊళ్లో కోల్స్ హిల్ మీద కొందరు సంతాప దినం జరుపుకుంటున్నారు. అతిథి థాంక్స్ చెప్పాలి గానీ లెక్క చెప్పకూడదు, అదీ మర్యాద.

ఈ పండగను జాతీయం చేయమని ఏళ్లకేళ్లు ఉత్తరాలు రాసి ప్రాణం తీసింది సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు. 1863లో లింకన్ ప్రకటించాడు. పేరెవరికొచ్చిందో వేరే చెప్పాలా? సొమ్మొకడిది, సోకొకడిది.

ఇక్కడ మన తెలుగు సంస్కృతీ రక్షకులు మీసం మెలేస్తారు, నాకు తెలుసు. "తెల్లవాళ్ల పండగ, మనకెందుకండీ!" అని. పండగ నాడు, గురువారం సాయంత్రం, మొదటి ముక్క ప్లేటులో వేసుకునేది కూడా వాళ్లే. అయ్యా, గుంటూరు మిరపకాయ మన తాతలు కనిపెట్టలేదు. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిపప్పు, మొక్కజొన్న అన్నీ అమెరికా ఖండాల మనుషులు వేల ఏళ్లు సాగుచేసి పెట్టుకున్నవి. చాలావరకు పోర్చుగీసు ఓడలెక్కి మన ఒడ్డుకొచ్చాయి. ఆవకాయకి ఆ ఎరుపు ఎక్కడిదని ఏ అవధానంలోనైనా ఎవడైనా అడిగాడా? ఆ మాటకొస్తే మనల్ని వెతుక్కుంటూ బయల్దేరి దారి తప్పినవాడు కొలంబస్. అందుకే ఇక్కడివాళ్లకి 'ఇండియన్లు' అని మన పేరు అంటగట్టారు. మన పేరు మోసినవాళ్లు, మన కారం పండించినవాళ్లు. వాళ్ల నేల మీద ఇల్లు కొనుక్కుని గృహప్రవేశంలో పాలు పొంగించే మనం ఈ ముక్క పిల్లలకు చెబితే పండగ పాడవుతుందట. పొంగిన పాలకు లేని మరక నిజానికి వచ్చిందా?

సరే, మళ్లీ ఇంటికొద్దాం. నేను ఈ మాటలన్నీ అన్నాక మా వాడు చెప్పిన జవాబులు మీరు కూడా చెబుతారు, అందుకని ముందే అందుకుంటా. "అమ్మా, నీకు వండటం ఇష్టం కదా." ఇష్టమేరా. నీకు క్రికెట్ ఇష్టం, ఇరవై ఆరు మంది చూస్తుంటే నాలుగు రోజులు ఒక్కడివే బౌలింగ్ చెయ్యి. "మేం వంటింట్లోకొస్తే మీరే రానివ్వరు." నిజమే, ఆ తప్పు మాదే. ఉప్పు డబ్బా ఎక్కడుందని ఐదుసార్లు అడిగేవాణ్ణి భరించడం కన్నా మేమే చేసుకోవడం తేలికనిపిస్తుంది. ఆ అడగడం చేతకానితనం కాదనీ, ఆరితేరిన విద్యనీ నాకు అరవై ఏళ్లకు గానీ తెలియలేదు. "గిన్నెలు మేమే కదా సర్దుతాం!" గిన్నెలు కడిగేది మిషనురా నాయనా. నువ్వు బటన్ నొక్కుతావు.

మా కోడలి సంగతి ఎవరూ మాట్లాడరు. బుధవారం సాయంత్రం ఆరింటిదాకా దానికి ఆఫీసు మీటింగులు. ల్యాప్‌టాప్ మూసిన చేత్తోనే ఉల్లిపాయలు తీసుకుంటుంది. మా వాడితో సమానంగా సంపాదిస్తుంది, మా వాడికి రెండింతలు నిలబడుతుంది. "అత్తయ్యా, మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను" అంటుంది. ఇద్దరం ఒకరికొకరు కుర్చీ చూపించుకుంటాం. ఎవరం కూర్చోం.

ప్రతి ఏడూ ఈ రోజుల్లో అమెరికా అధ్యక్షుడు కెమెరాల ముందు ఒక టర్కీ కోడికి క్షమాభిక్ష పెడతాడు. 1989 నుంచి తప్పకుండా జరుగుతోందట. అది చేసిన నేరమేమిటో నాకు తెలియదు. వంటమనిషికి మాత్రం ఎవరూ పెట్టరు.

నన్ను పతివ్రతనుకోకండి. మా ఇంట్లో ఒకావిడ పంతొమ్మిదేళ్లు అంట్లు తోమింది. మా వాడి ఉపనయనానికి, కూతురి పెళ్లికి పప్పు రుబ్బింది ఆవిడే. పంక్తి లేచేటప్పుడు పెద్దలంతా "అన్నదాతా సుఖీభవ" అని నన్నూ మా ఆయన్నీ దీవించారు. చూడండి ఆ మాట ఎంత తెలివైనదో! దాత అంటే డబ్బు పెట్టినవాడు. వండినదానికీ రుబ్బినదానికీ ఆ దీవెనలో చోటు లేదు. ఆవిడ కాఫీ గ్లాసు మా పెరటి గోడ మీద విడిగా బోర్లించి ఉండేది. అమెరికా వచ్చే ముందు ఒక పాత చీరిచ్చి చేతులు దులుపుకున్నాను. ఫ్రిస్కోలో గరాజ్ గుమ్మంలో నిలబడ్డాక గానీ ఆ గ్లాసు నాకు గుర్తు రాలేదు. ఇన్ని వేల మైళ్లు నడిపించి గానీ దేవుడు నాకు పెరటి గోడ చూపించలేదు.

కాబట్టి ఈసారి నేను గట్టిగా అరవలేదు, అలగలేదు. పోయిన శుక్రవారం మా వాడు 20 పౌండ్ల టర్కీ కొనుక్కొచ్చి గరాజ్ ఫ్రీజర్‌లో పడేశాడు, బంధువులకి దాని ఫొటో పంపాడు. గడ్డకట్టిన పక్షిని కింద ఫ్రిజ్‌లోకి దించి, నాలుగైదు పౌండ్లకు ఒక రోజు చొప్పున కరగనివ్వాలి. ఇంత పక్షికి నాలుగైదు రోజులు. గడిచిన రెండుసార్లూ ఆ దించే పని నేనే చేశాను, ఎవరికీ చెప్పకుండా. అది తనంతట తనే కరుగుతుందని మా వాడు ఇప్పటికీ నమ్ముతున్నాడు.

ఇవాళ మంగళవారం, రాత్రి పదకొండు. పండగ ఎల్లుండే. ఇందాక వెళ్లి ఫ్రీజర్ తెరిచి చూశాను. రాయిలా ఉంది. గోరుతో కొడితే ఠంగుమంది. ఇప్పుడిక ఒకటే దారి, చన్నీళ్ల తొట్టెలో ముంచి అరగంటకోసారి నీళ్లు మారుస్తూ పది గంటలు కాపలా కాయాలి. మా వాడు పైన టీవీలో ఆట చూస్తున్నాడు.

ఫ్రీజర్ మూసేసి, గరాజ్ లైటు ఆపేసి వచ్చి పడుకున్నాను.