బిడ్డను తూకం వేశారు, తల్లిని అడిగారా?

ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన తల్లిని చూడటానికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి. వస్తుంది. బిడ్డను తూకం వేస్తుంది, ఒళ్లు కాలుతోందేమో చూస్తుంది, ఫారం నింపుతుంది. అందులో తల్లికీ కొన్ని గళ్లున్నాయి: రక్తస్రావం, జ్వరం, పాలు. మనసుకు దగ్గరగా వచ్చే ప్రశ్న ఒక్కటే. పొంతన లేకుండా మాట్లాడుతోందా, ఫిట్స్ వచ్చాయా అని. అంటే మతి చెదిరిందని పదిమందికీ తెలిసేదాకా ఆ తల్లి ఫారానికి కనబడదన్నమాట. రాత్రంతా గోడవైపు తిరిగి ఏడ్చే తల్లి, బిడ్డను ఎత్తుకోబుద్ధి కావడం లేదని ఎవరికీ చెప్పుకోలేని తల్లి ఏ గడిలోనూ పట్టరు.

వీళ్లు కొద్దిమంది కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. కాన్పు తర్వాత డిప్రెషన్ 22 శాతం తల్లుల్లో ఉందని అది తేల్చింది. డబ్బు ఇబ్బంది, ఇంట్లో హింస, భర్త అండ లేకపోవడం, ఆడపిల్ల పుట్టడం దానికి తోడయ్యే కారణాలట. చేతిలో డబ్బు లేకపోవడం ఈ దేశంలో ఏ వాడల్లో ఎక్కువో నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

మా వాడలో ఇలాంటి తల్లికి గాలి సోకిందంటారు, లేదా పనిదొంగ అంటారు. గాలికి తాయెత్తు కడతారు. రెండో మాటకు మందే లేదు, నాట్లకో పత్తి ఏరడానికో పంపడమే.

1928లోనే బాబాసాహెబ్ బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారంలో ఎక్కువ పాలు ప్రభుత్వమే మోయాలని వాదించారు. నేడు ఆఫీసు ఉద్యోగినికి 26 వారాల జీతంతో కూడిన సెలవుంది, ఉండాల్సిందే. కూలితల్లికి కేంద్రం మొదటి కాన్పుకు ఇచ్చేది 5,000 రూపాయలు. 2013 ఆహార భద్రతా చట్టం మాత్రం 6,000కు తగ్గకూడదంటోంది! నిద్రలేని తల్లికి తొలి వైద్యం నిద్రే. ఆ నిద్రను కొనుక్కోవడానికి ఈ డబ్బు ఎన్ని రోజులు వస్తుంది?

డాక్టర్లు లేరనే సాకు నేను ఒప్పుకోను. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో, గర్భంతో ఉండగానే డిప్రెషన్‌లో ఉన్న స్త్రీల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలనే శిక్షణ ఇచ్చి పంపారు. వాళ్లేమీ మానసిక వైద్యులు కారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, ఆ మాటల వైద్యం అందిన తల్లుల్లో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది, అందని వాళ్లలో 53 శాతం. ఇది 2008లో లాన్సెట్‌లో అచ్చయింది.

మన ఆశాలూ చేయగలరు. ఎడిన్‌బర్గ్ ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. అయితే ఇప్పుడు ఆ ఆరు రాకపోకలకూ కలిపి ఆశాకు ముట్టేది 250 రూపాయలు. వాళ్లలో ఎందరో మన ఆడబిడ్డలే. పని పెంచితే కూలీ పెంచాలి.

ఒక్క విషయం వేరుగా చెప్పాలి. కాన్పయిన కొద్ది రోజులకే తల్లికి నిద్ర పూర్తిగా పోయి, లేనివి వినబడి, బిడ్డ మీద అనుమానాలు మొదలైతే తాయెత్తుల కోసం తిరగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది నయమయ్యే జబ్బే. సలహాకు టెలిమానస్ 14416 ఉంది, ఖర్చు లేదు. తల్లిని చేర్చుకుంటే మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో అలా ఇద్దరినీ కలిపి ఉంచే వార్డు ఉంది. మీ జిల్లా ఆసుపత్రిలో ఉందా? సూపరింటెండెంట్‌ను లిఖితపూర్వకంగా అడగండి.