గృహవిజ్ఞానము: ఎత్తున పనికి మంచె

మన కారేపల్లి ప్రాంతమున జొన్నచేలు కంకివేయు దినములలో పొలము నడుమ మంచె లేచును. నాలుగు గుంజలు, పైన తడికె, ఎక్కుటకు నిచ్చెన, అంతియే. కాలిక్రింద గట్టిచోటు గలదు కనుకనే కావలివానికి రెండుచేతులును వడిసెలకు దొరకును. ఈ చిన్నయుపాయమే మహాయంత్రశాలలలో నెట్లు పెరిగినదో యీ మాసమున ముచ్చటింతము.

హైదరాబాదు చెంతనున్న ఆదిబట్లలో, టాటా, లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీలు 2010లో కలిసి నెలకొల్పిన సంస్థ, సి-130జె యను సరకువిమానమునకు తోకభాగములను చేయుచున్నది. ఆ విమానపుతోక కొన నేలనుండి సుమారు 39 అడుగుల యెత్తున నుండును. అడ్డతోక పొడవు 52 అడుగులకు పైమాటే. ఇంతటి భాగములకు రంగు పూయుట యందమునకే కాదు. లోహమును తడియు నుప్పుగాలియు తినివేయకుండుటకు. పూత యంతటను నొకేమందమున నుండవలెను. నిచ్చెనపై నిలిచి, ఒకచేత మెట్టు పట్టుకొని, వేరొకచేత రంగుచిమ్ము తుపాకిని చాచువానికి పూతయు చెడును, ప్రాణమునకును మోసము వచ్చును.

అందుచే నట్టిచోట్ల పనివానిని సాగదీయక, నేలనే పనికడకు లేపుదురు. విమానభాగపు వంపునకు సరిపోవునట్లు మంచె యంచును మలతురు. లోహము గీచుకొనకుండ మెత్తని రబ్బరు తొడుగుదురు. మిగిలిన సందును జరుగుపలకలతో మూయుదురు. అమెరికా నిబంధనల ప్రకారము కర్మాగారములలో 4 అడుగుల యెత్తునుండియే పడకుండ రక్షణ వలయును. చుట్టుకమ్మి 42 అంగుళము లుండవలెను. పనిముట్లు జారి క్రిందివారి తలపై పడకుండ నడుగున 3½ అంగుళముల పట్టీ వేయుదురు. చక్రముల మంచెయైనచో నెక్కుటకు ముందే చక్రములను బిగింతురు. మనదేశమునను, పడిపోదగు నెత్తున పనిచేయువానికి కంచెచేగాని వేరువిధమునగాని రక్షణ కల్పింపవలెనని ఫాక్టరీల చట్టమున విధించిరి.

రంగుతుంపరలు మరియొక యపాయము. కొన్ని రంగుల యావిరి నిప్పురవ్వకే యంటుకొనును. క్రోమియము గల కొన్ని యడుగుపూతలు పుట్టకురుపునకును, మరికొన్ని పూతలు ఉబ్బసమునకును కారణములు. కాబట్టి గాలిని లాగివేయు యంత్రములును, ముఖమునకు తగిన తొడుగులును మంచెతోపాటు వలయును.

ఇక మన యింటిమాట. పండుగకు ముందు వెల్లవేయునపుడు మంచముపై ముక్కాలిపీట, దానిపై మనము, చేత సున్నపుకుండ! ఇది సాహసమే గాని పని కాదు. రెండు గట్టిబల్లలపై మందపుపలక పరచి, కదలకుండ త్రాటితో బిగించి నిలువుడు. నిచ్చెన యైనచో, అది గోడకానిన యెత్తు ప్రతి 4 అడుగులకు మొదలు గోడకు 1 అడుగు దూరమున నుండవలెను. క్రింద నొకరు పట్టుకొనవలెను. అందని చోటికి చేయి చాపక, దిగి నిచ్చెననే జరుపుడు. సున్నము కంట పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి, వైద్యునికడ కేగుడు.

కూలికి వచ్చినవారి విషయమున మనకు మరింత బాధ్యత గలదు. వెదుళ్లకును త్రాళ్లకును వ్యయమగునని సారువ మానిపించి, పాతనిచ్చెన చూపి తొందరపెట్టుట తగదు. ఆ యొక్కని కాలు విరిగిన నతని యింట పొయ్యి యారును. కూలి మాట్లాడునపుడే సారువ ఖర్చును గూడ కలిపి మాట్లాడుడు.