రైలు కూత మాన్పించుటకు ముందు లెక్క చూడవలెను

రైలు గేటు చెంత నివసించు వారికి రాత్రివేళ ఇంజను కూత యెంత బాధాకరమో మేమెరుగుదుము. పసిబిడ్డలు ఉలికిపడి లేతురు. రోగులకు నిద్ర పట్టదు. కావున కూత మాన్పింపుడని వారు కోరుట తప్పని మేము చెప్పము. అయితే, కూత మాన్పిన పిదప గేటు దాటువారి ప్రాణమునకు ఎంత అపాయము పెరుగునో కొలిచి చూడకయే మాన్పించుట తగదని మా అభిప్రాయము. ఈ కొలత యెట్లు జరుగవలెనో అమెరికా దేశపు అనుభవము చక్కగా బోధించుచున్నది. బండ్లతోను, ట్రాక్టర్లతోను పట్టాలు దాటు మన రైతు సోదరులకు అది తెలియదగినది.

ఆ దేశమందలి ఫ్లోరిడా రాష్ట్రమున 1984లో ఒక చట్టము అమలునకు వచ్చెను. దీపములు, గంటలు, అడ్డుకఱ్ఱలు గల గేట్ల వద్ద రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు కూత వేయకుండ స్థానిక సంస్థలు నిషేధింపవచ్చునని దాని సారము. ఫ్లోరిడా ఈస్ట్ కోస్ట్ రైల్వే మార్గమున 1989 చివరి నాటికి 511 గేట్లు ఈ నిషేధమునకు లోనయ్యెను. కేంద్ర ప్రభుత్వపు రైల్వే శాఖవారు లెక్క తీయగా, అచ్చట రాత్రి ప్రమాదముల రేటు 195 శాతము పెరిగినట్లు తేలెను. అనగా దాదాపు మూడింతలయ్యెను. పగటి రేటు మాత్రము ఇంచుమించు మునుపటివలెనే యుండెను.

మేము పొలములో క్రొత్త యెరువును పరీక్షించునపుడు రెండు మళ్లు తీసికొని, ఒకదానికి వేసి, రెండవదానికి వేయక విడుతుము. నేల, నీరు, విత్తనము ఒక్కటియే గనుక దిగుబడిలోని భేదము ఎరువువలన కలిగినదని నిశ్చయింతుము. ఇచ్చటను అట్లే జరిగినది. గేట్లు అవియే, అడ్డుకఱ్ఱలు అవియే, దారియు అదియే. పగలు కూత యున్నది, రాత్రి లేదు. అంతటితో ఆగలేదు. 1991 జూలైలో అత్యవసరపు ఉత్తర్వుచే రాత్రి కూత మరల వేయింపగా, తరువాతి రెండేండ్లలో రాత్రి ప్రమాదముల రేటు 68 శాతమునకు పైగా తగ్గెను. ఇంతకన్న స్పష్టమైన పరీక్ష మఱేమి కావలెను?

ఈ అనుభవము పిమ్మట 1994లో చట్టమును, 2005 జూన్ 24 నుండి దేశమంతటికి నియమమును ఏర్పడెను. సాధారణముగా రైలు గేటును చేరుటకు 15 మొదలు 20 సెకండ్ల ముందు కూత మొదలిడవలెను. నిశ్శబ్దము కోరు ఊరివారు లెక్క చూపవలెను. దినమునకు ఎన్ని రైళ్లు, ఎన్ని వాహనములు, ఎన్ని పట్టాలు, వెనుకటి యేండ్లలో ఎన్ని ప్రమాదములు అనువాటినిబట్టి ప్రతి గేటునకు అపాయపు అంచనా వేయుదురు. అడ్డుకఱ్ఱలు గల గేటున కూత లేనిచో ఆ అంచనాకు 66.8 శాతము కలుపుదురు. కూతతో అపాయము 100 అనుకొన్నచో, కూత లేక అది 166.8 అగును. దారికి ఇరువైపుల పూర్తిగా మూయునట్లు నాలుగు అడ్డుకఱ్ఱలు పెట్టినచో 82 శాతము తగ్గునని నియమము గణించుచున్నది. అపుడది సుమారు 30కి దిగును. దారి నడుమ వాహనము దాటలేని గట్టు కట్టినచో 80 శాతము తగ్గును. అనగా నిద్రయు ప్రాణమును రెండును దక్కించుకొనవచ్చును. కాని దానికి ధనము వెచ్చింపవలెను.

అయినను ఆ పద్ధతిలో మాకొక లోపము కనబడుచున్నది. అచ్చట కొన్ని గేట్లను ఒక మండలముగ జేర్చి, వాటి సగటును చూచెదరు. ఊరి సగటు దిగుబడి బాగున్నంత మాత్రమున పంట పోయిన రైతు గాదె నిండునా? నాలుగు మంచి గేట్ల చాటున ఒక చెడ్డ గేటు దాగరాదు. ప్రతి గేటును విడిగా పరీక్షింపవలెను. “మా గేటున పదియేండ్లుగా ఏమియు జరుగలేదు” అను వాదమును చెల్లదు. ప్రమాదము అరుదైనది. ఒక్క మడి చూచి ఎరువు గుణమును, ఒక్క గేటు చూచి కూత గుణమును నిర్ణయింపలేము.

మన దేశమున బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని గేట్లను 2019 జనవరి నాటికి తొలగించిరి. మెదకు జిల్లా మాసాయిపేట వద్ద 2014 జూలై 24న అట్టి గేటున బడి బస్సును రైలు ఢీకొని పసివారు మరణించిన దుఃఖము మఱువరానిది. ఇపుడు మిగిలినవి కాపలా గల గేట్లు. మన రైల్వేవారును రైళ్ల సంఖ్యను వాహనముల సంఖ్యచే గుణించి గేటు రద్దీని లెక్కింతురు. అందు మోటారు బండికివలెనే ఎడ్లబండికిని ఒక పాలు కలదు. కాని ఆ లెక్కలో కూత యున్నదా లేదా అను ప్రశ్నకు తావు లేదు.

కావున మా సలహా యిది. ఏ గ్రామమువారైనను కూత మాన్పింపుడని అర్జీ పెట్టదలచినచో, సంఘ సభ్యులు ముందుగా ఒక వారము దినములు గేటు వద్ద రాత్రింబవళ్లు లెక్క వ్రాయవలెను: బండ్లు, ట్రాక్టర్లు, బడి బస్సులు, పశువుల మందలు, గేటు మూసిన పిదప క్రింద దూరిపోవువారు. ఆ పట్టికను అర్జీకి జతపఱచి, కూతకు బదులు ఏ రక్షణ కల్పింతురో అడుగవలెను. బదులు లేనిచో కూతనే భరించుట మేలు. నిద్ర చెడినవాడు మఱునాడు నిదురింపగలడు.