అసల్ ఒకటే ఉండాలి

మొన్న నా భాంజా ఫోన్ చేశాడు. కొత్త నౌకరీ. "మామూ, ట్రైనింగ్ స్లైడ్‌లో ఉన్న కమాండే కొట్టాను, ఎర్రర్ వస్తోంది. గలతీ నాదేనా?" అన్నాడు. పొద్దున్నుంచీ పరేషాన్ అవుతున్నాడు. చూస్తే, కంపెనీ డాక్యుమెంటేషన్ సైట్‌లో ఆ కమాండ్ ఎప్పుడో మారిపోయింది. స్లైడ్లలో మాత్రం పాతదే ఉంది.

"నీది కాదు బేటా" అన్నాను. మరి ఎవరిది? నా ఖయాల్‌లో ఇది మనిషి గలతీ కాదు, తరీఖా గలతీ. ఒకే విషయాన్ని రెండు చోట్ల రాసి, ఎవరో ఒకరు యాద్ పెట్టుకుని రెండూ మారుస్తారనుకోవడమే అసలు ఖరాబీ.

రివీల్.జెఎస్, స్లైడెవ్‌లతో చేసే స్లైడ్లు కూడా వెబ్ పేజీలే. కాబట్టి డాక్యుమెంటేషన్ సైట్‌ను తయారుచేసే బిల్డ్‌లోనే వాటినీ తయారు చేయించొచ్చు. క్వార్టోలో అయితే ఇది ఆసాన్: సైట్ పేజీలు, రివీల్.జెఎస్ స్లైడ్లు ఒకే ప్రాజెక్టులో తయారవుతాయి. ఎంకేడాక్స్ వాడేవాళ్లు వరుస చూసుకోవాలి. అది బిల్డ్ చేసిన ప్రతిసారీ పాత సైట్ ఫోల్డర్‌ను సాఫ్ చేస్తుంది. ముందే పెట్టిన స్లైడ్లు గాయబ్! అందుకే ముందు సైట్, ఆ తర్వాత స్లైడ్లు. స్లైడెవ్‌కైతే స్లైడ్లు ఏ దారిలో ఉంటాయో బేస్ ఆప్షన్‌లో చెప్పడం జరూరీ.

అయితే ఒకే బిల్డ్‌లో పెట్టినంత మాత్రాన పాత కమాండ్ దానంతటది మారదు. కమాండ్లను, కోడ్ ముక్కలను విడి ఫైళ్లలో ఉంచి, పేజీకీ స్లైడ్‌కీ అక్కడి నుంచే తెప్పించాలి. అప్పుడే అసల్ ఒకటవుతుంది. మాటలు వేరుగా ఉన్నా పర్వాలేదు. స్లైడ్‌లో ముక్తసర్‌గా, పేజీలో తఫ్సీల్‌గా ఉండాల్సిందే.

"స్లైడ్ ఫెయిలైతే సైట్ మొత్తం ఆగిపోవాలా?" అని కొందరు దోస్తులు ఎతరాజ్ చెబుతారు. కొత్త సైట్ ఎక్కడం ఆగుతుంది, అంతే; పాతది నడుస్తూనే ఉంటుంది. ఆ రోజే సరిచేసుకుంటాం. చేత్తో పెట్టిన స్లైడ్ మాత్రం చెడిపోయినా చప్పుడు చేయదు. ఒక కొత్త కుర్రాడు తనకే ఏమీ రాదనుకుని శర్మిందా అయ్యాకగానీ మనకు తెలియదు.

ఒక్క జాగ్రత్త: రివీల్.జెఎస్‌లో స్పీకర్ నోట్స్ కూడా పేజీలోనే ఉంటాయి. సైట్‌కెక్కితే ఎవరైనా చదవగలరు.

భాంజాకు చెప్పాను: "రేపు ఆఫీసులో మాఫీ అడక్కు. ఈ ఇంతెజామ్ నేను చేస్తానని అడుగు."