తాళంచెవి ఎక్కడ పెట్టారు?

ఇల్లు కట్టుకునేటప్పుడు దొంగ గురించి ఆలోచించినంతగా నిప్పు గురించి మనం ఆలోచించం. కిటికీలకు గ్రిల్స్, బాల్కనీకి పైనుంచి కిందిదాకా ఇనప ఊచలు, వీధి తలుపు చాలదన్నట్టు దాని ముందు గ్రిల్ గేటు, దానికి లోపల్నించి తాళం! మరి ఆ తాళంచెవి రాత్రిపూట ఎక్కడుంటుంది? ఇంటాయన దిండు కిందో, ఇల్లాలి బీరువాలోనో. మిగిలినవాళ్లకు తెలియనే తెలియదు.

2025 మే 18 ఉదయం హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో జరిగిన ప్రమాదం మీకు గుర్తుండే ఉంటుంది. కింద దుకాణాలు, పైన కాపురాలు. ఎక్కడానికీ దిగడానికీ ఇరుకైన మెట్లదారి ఒక్కటే. 17 మంది పోయారు. వాళ్లలో 8 మంది చిన్నపిల్లలు. ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది మంట కాదు, పొగ. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పోయిన 6 మంది యువతీయువకులూ ఊపిరాడకే పోయారు.

పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్న మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుంటే మసి కాస్త ఆగుతుందేమో గానీ ఆ వాయువు ఆగదు. కనుక పొగలోంచి పరుగెత్తి పోగలమనే ధైర్యం పనికిరాదు. వేడి పొగ ముందు పైకి లేచి గదిని పైనుంచి నింపుకుంటూ వస్తుంది. కట్టెల పొయ్యి ముందు పీట వేసుకు కూర్చున్న మన అమ్మమ్మలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. నిలబడ్డవాళ్లకే కదా ముందు కళ్లు మండేది! వంగి, అవసరమైతే పాకుతూ వెళ్లాలి.

తలుపు తీసేముందు దాన్ని చేతి వెనకవైపుతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తీయకూడదు. మూసి ఉన్న తలుపు మంటనీ పొగనీ కాసేపైనా ఆపుతుంది. దుప్పట్లూ తువ్వాళ్లూ, నీళ్లు అందుబాటులో ఉంటే తడిపి, తలుపు కింది సందులో కుక్కాలి. నీళ్లున్నాయి కదా అని కిటికీ లేని బాత్‌రూములో దూరడంకన్నా వీధివైపు గది మేలు. 101కి ఫోన్ చేసి ఎన్నో అంతస్తో, ఏవైపు గదో చెప్పి, కిటికీ దగ్గర గుడ్డ ఊపాలి, రాత్రయితే టార్చి వెయ్యాలి. పిల్లలు భయపడితే మంచం కింద దాక్కుంటారు. అలా దాక్కోవద్దని ఇప్పుడే చెప్పి ఉంచాలి.

ఇంతా చేసి కిటికీ దగ్గరికి చేరితే, అక్కడ గోడలో పాతేసిన గ్రిల్! నిచ్చెన వేసుకుని వచ్చినవాళ్లు ఊచలు కోసేదాకా లోపలివాళ్లు ఆగగలరా? నా గొడవంతా ఇక్కడే. పడకగదికి ఒక్క కిటికీకైనా గ్రిల్‌ని తలుపులా తెరుచుకునేట్టు చేయించండి. వెల్డింగ్ చేసే అబ్బాయి “దొంగకి దారి చూపించినట్టే కదమ్మా” అంటాడు. లోపల తాళం ఉంటుంది నాయనా అని చెప్పండి. రెండు బందులకీ ఒక తాళానికీ అయ్యే ఖర్చు ఎంతని? మధ్యాహ్నంపూట ముసలివాళ్లతో, పిల్లలతో ఆ ఇంట్లో ఉండేది మనం. గ్రిల్ డిజైన్ మాత్రం మేస్త్రీ, మగవాళ్లూ కలిసి తేల్చేస్తారు. పూలూ నెమళ్లూ ఎంచుకోమని మాత్రం మనల్ని పిలుస్తారు!

ఇంకో మాట. నైటీలో వీధిలోకి ఎలా వెళ్లడం, బీరువాలో నగలున్నాయే అని ఆగేది కూడా ఎక్కువగా మనమే. నలుగురూ చూస్తే చూడనివ్వండి. బయటికి వచ్చాక మళ్లీ లోపలికి మాత్రం వెళ్లొద్దు, దేనికోసమూ.

మా ఇంట్లో గేటు తాళంచెవి ఇప్పుడు లోపలి గోడకి, బయటి చెయ్యి అందనంత దూరంలో మేకుకి వేలాడుతోంది. ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పేసి ఇంట్లో అందరిచేతా తీయించాం. మా చిన్నాడికి అందలేదు, మేకు జానెడు కిందికి దించాం. మా అత్తగారు గోడ తడుముకుంటూ వెళ్లి, తాళం తీసి, “ఇంతేనా?” అన్నారు. మావారు మాత్రం ఇప్పటికీ పడుకునేముందు ఆ మేకువైపు ఓసారి చూసి వస్తుంటారు.