సంతకం ఎవరిది, సమర్థత ఎవరిది?

దళిత మహిళ సర్పంచ్‌గా ఉన్న గ్రామంలో పని ఆగిపోతే, కారణాన్ని ఆమె స్వభావంలో వెతకడం మన రాజకీయాలకు అలవాటైపోయింది. మెత్తగా మాట్లాడితే చేతకానిదంటారు. గట్టిగా ప్రశ్నిస్తే తలపొగరంటారు. పెత్తందారీ కులపు పురుషుడిలో అవే గుణాలు సౌమ్యతగా, దక్షతగా కీర్తి పొందుతాయి.

రాఘబేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీలను పరిశీలించి 2004లో అధ్యయనం ప్రచురించారు. మహిళలకు రిజర్వయిన పంచాయతీలు రెండు చోట్లా తాగునీటిపై ఎక్కువ శ్రద్ధ పెట్టాయి. రోడ్ల విషయంలో మాత్రం బెంగాల్‌లో ఎక్కువ, రాజస్థాన్‌లో తక్కువ. ఆయా ప్రాంతాల స్త్రీలు అడిగినవే వేరు మరి! కనుక దీనిని స్త్రీసహజమైన కరుణ ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు. అడిగినవారి మాట వినడం రాజకీయ నిర్ణయం.

2009లో వెలువడిన మరో అధ్యయనంలో బెంగాల్ గ్రామస్థులకు ఒకే ప్రసంగాన్ని కొందరికి స్త్రీ గొంతుతో, కొందరికి పురుషుడి గొంతుతో వినిపించారు. మహిళా ప్రధాన్ పాలన ఎరుగని ఊళ్లలో పురుషులు స్త్రీ గొంతుకు తక్కువ విలువ కట్టారు. ఆ పాలనను చూసిన ఊళ్లలో ఈ పక్షపాతం తగ్గింది. లోపం నాయకురాలి గొంతులో లేదు, వినేవారి చెవిలో ఉంది.

ఆ చెవికి మన దగ్గర కులం కూడా తోడవుతుంది. సర్పంచ్ జట్టు అంటే వార్డు సభ్యులు, ఉపసర్పంచ్, కార్యదర్శి. ఆ జట్టును ఆమె ఎంచుకోలేదు. రాజ్యాంగంలోని 243డి అధికరణం అధ్యక్ష పదవులకు రిజర్వేషన్ కల్పించింది. ఉపసర్పంచ్ పదవిని ప్రస్తావించలేదు. ఊరి పాత పెత్తనం తరచూ కూర్చునేది అక్కడే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్, ఉపసర్పంచ్‌లకు ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది. జవాబుదారీతనం కోసమే అన్నారు. కానీ రెండో సంతకం పడకపోతే మురుగుకాల్వ బిల్లు కదలదు, నింద మాత్రం మొదటి సంతకందారుకే.

ఆత్మవిశ్వాసం పెంచుతామంటూ ఆమెకు శిక్షణ తరగతులు పెడతారు. ఆమెతో కలిసి పనిచేయడం ఎలాగో ఉపసర్పంచ్‌కు నేర్పే తరగతి ఒక్కటీ నా కంటపడలేదు. రిజర్వుడు పంచాయతీల్లో రెండో సంతకం నిలిచిపోతే గడువులోగా లిఖితపూర్వక కారణం చూపాలని, చూపకపోతే బిల్లు చెల్లించాలని చట్టంలో ఎందుకు రాయకూడదు? దళితవాడలకు ఓట్లడగడానికి వచ్చే పార్టీలు దీనికి సమాధానం చెప్పాలి.